గుట్ట ముందు, క్లబ్బు తర్వాత

ఎజెండాలో ఐదో అంశం దగ్గర సభ ఆగిపోయింది. మొదటి నాలుగూ చాయ్ చల్లారేలోపే గడిచాయి. పోయినేడాది మినిట్స్ చదివారు, జమాఖర్చులు చెప్పారు, ఆడిటర్‌ను పెట్టుకున్నాం. పోటీ చేసేవాళ్లు లేరు కాబట్టి పాత కార్యవర్గాన్నే చప్పట్లతో మళ్లీ కూర్చోబెట్టాం. ఐదోది సభ్యత్వ నియమం.

కామారెడ్డిలో ఆదివారం పొద్దున, అడిగి తెచ్చుకున్న హాల్లో, ప్లాస్టిక్ కుర్చీల్లో ఇరవై ముగ్గురం. మాది గుట్టలెక్కే సంఘం. రిటైరైన టీచర్లం కొందరం, బ్యాంకుల్లో చేసినవాళ్లు కొందరు, ఇద్దరు డాక్టర్లు, ఒక మెడికల్ షాపాయన. నెలకోసారి ఏదో ఒక గుట్టెక్కి, పైన ఉప్మా తిని, ఫోటో దిగి వస్తాం. బోర్డు మీద పర్వతారోహణ అని రాసుకున్నాం గాని, మేం ఎక్కేవాటిలో అన్నిటికన్నా పెద్దదాని మీద కూడా సెల్‌ఫోన్ సిగ్నల్ పోదు.

"ఎవలు వడితే వాళ్లు చేరుతమంటే ఎట్ల? ఏదో ఒక అర్హత పెట్టాలె గద" అన్నారు బ్యాంకులో మేనేజరుగా చేసి దిగిన పెద్దమనిషి. ఆయన అర్హతలు కాగితం మీద రాసుకొచ్చారు. పద్దెనిమిదేళ్లు నిండాలి. ఏడాదికి వెయ్యి రూపాయల చందా. చేరకముందే ఎక్కిన ఐదు గుట్టల జాబితా ఇవ్వాలి. ఇద్దరు పాత సభ్యులు సిఫారసు చేయాలి.

కార్యదర్శి నా వైపు తిరిగాడు. నా దగ్గర చదువుకున్నవాడే. "సారూ, మీరు ముప్పయ్యేండ్లు సోషల్ చెప్పిన్రు. బయటి దేశాల క్లబ్బులల్ల ఎట్లుంటదో జర మీరే చెప్పున్రి."

చెప్పాను. ఆ తొందరలో చెప్పింది కొంత, ఇంటికొచ్చాక గుర్తొచ్చింది కొంత. రెండూ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

కొండలెక్కడానికి ఒక సంఘం, దానికో రిజిస్టరు, ఏడాదికో సభ అనే పద్ధతికి ఆద్యులు లండన్ వాళ్లు. 1857 డిసెంబర్ 22న అక్కడ యాష్లీస్ హోటల్లో కొందరు కూడి ఆల్పైన్ క్లబ్ పెట్టుకున్నారు. లోకంలో పర్వతారోహకుల సంఘాల్లో అదే మొదటిది. మనకు 1857 అనగానే మీరట్ గుర్తొస్తుంది, హైదరాబాదు రెసిడెన్సీ మీదికి పోయిన తుర్రేబాజ్ ఖాన్ గుర్తొస్తాడు. ఇక్కడ ఆ మంటలు ఇంకా ఆరకముందే అక్కడ లాయర్లు, పాదిరీలు, ప్రొఫెసర్లు కూర్చొని స్విట్జర్లాండు మంచుకొండల మీద నియమావళి రాసుకున్నారు. జాన్ బాల్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు మొదటి అధ్యక్షుడు. 1863 నుంచి ఆల్పైన్ జర్నల్ అని ఒక పత్రిక కూడా నడిపారు. చేరాలంటే అప్పటిదాకా ఎక్కిన శిఖరాల జాబితా ఇవ్వాలి, పాత సభ్యులు బలపరచాలి. మా మేనేజరు గారు ఆ నియమావళిని ఎన్నడూ చూసి ఉండరు. అయినా నూట అరవై ఏళ్లు దాటాక కామారెడ్డిలో కూర్చొని అదే రాశారు. సంఘం పెట్టినవాడికి మొట్టమొదట తోచేది తలుపు, ఆ తర్వాత దానికో గొళ్లెం.

ఆ తలుపు బయట ఎవరున్నారో కూడా చెప్పాలి. మంచులో గొడ్డలితో మెట్లు తొలిచి దొరల్ని పైకి చేర్చిన ఆల్ప్స్ పల్లెల రైతులు కూలి తీసుకున్నారు, సభ్యులు కాలేదు. ఆడవాళ్లకూ చోటు లేదు. లూసీ వాకర్ 1871లో మాటర్‌హార్న్ ఎక్కింది, ఆ శిఖరమెక్కిన మొదటి స్త్రీ ఆమే. అయినా క్లబ్బు ఆమెకు తెరుచుకోలేదు. చివరికి 1907లో ఆడవాళ్లు తమకంటూ వేరే ఆల్పైన్ క్లబ్ పెట్టుకున్నారు. ఈ రెండూ కలిసింది 1975లో. అదే ఏడు మే 16న జపాన్‌కు చెందిన జుంకో తబేయి ఎవరెస్టు మీద నిలబడింది. ఆడమనిషి అక్కడ నిలబడడం అదే మొదలు.

ఎవరెస్టు అనగానే హాల్లో వెనక కుర్చీలు కూడా ముందుకు జరిగాయి. అప్పుడు నేను బడిలో ఎన్నడూ చెప్పని పాఠం ఒకటి ఎత్తుకున్నాను.

మాది ఎల్లారెడ్డి. అట్లాసు తీసి మా ఊరి రేఖాంశం చూడండి, 78 డిగ్రీలు, ఆ పైన ఒకటో రెండో నిమిషాలు. అక్షాంశం 18 డిగ్రీలు దాటి కొంచెం. ఈ 78 డిగ్రీల రేఖనే నమ్ముకొని విలియం లాంబ్టన్ అనే ఇంగ్లీషు సైనికాధికారి దేశాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి కొలుస్తూ పోయాడు. 1802లో మద్రాసులో గొలుసుతో మొదటి ఆధారరేఖ కొలిచాడు. ఆ పైన నేల మీద గొలుసు పరిచే పని పెద్దగా లేదు. ఒక గుట్ట మీద థియోడలైట్ పెట్టి దూరాన ఉన్న రెండు గుట్టల మధ్య కోణం చూడాలి. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా త్రిభుజం లెక్కలో వస్తుంది. ఆ త్రిభుజం భుజం మీద ఇంకో త్రిభుజం. పదో తరగతి పిల్లలకు వచ్చిన లెక్కే. అట్లా గుట్ట నుంచి గుట్టకు దాటుకుంటూ 1815 నాటికి బీదర్ ప్రాంతంలోని దామరగిద్ద చేరాడు. ఆ స్థానం 18 డిగ్రీల 3 నిమిషాల అక్షాంశం మీద ఉంది. ఎల్లారెడ్డి నుంచి పడమరగా పోతే ఒక్క పూట ప్రయాణం.

1818లో లాంబ్టన్‌కు సహాయకుడిగా ఒక కుర్ర అధికారిని వేశారు. పేరు జార్జ్ ఎవరెస్టు. ఆయన హైదరాబాదు వచ్చి, నిజాం రాజ్యంలో కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో కొలతలకు పోయి, వానాకాలపు జ్వరం పట్టుకొని, దాన్నుంచి తేరుకోవడానికి దక్షిణాఫ్రికా దాకా పోవలసి వచ్చింది. తిరిగొచ్చిన కొద్ది కాలానికే, 1823 జనవరిలో, లాంబ్టన్ హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. గురువు పని అందుకొని ఎవరెస్టు ఉత్తరానికి కొలుచుకుంటూ పోయాడు. తర్వాత దాని మీద ఆయన రాసిన పెద్ద పుస్తకం 18 డిగ్రీల 3 నిమిషాలతోనే మొదలవుతుంది. ఆ పేరు మంచుకొండకు ఎక్కకముందు మన దుమ్ములో నడిచింది.

శిఖరం కొలత ఆయన పదవి దిగిపోయాక తేలింది. 1852 ప్రాంతంలో బెంగాలీ గణకుడు రాధానాథ్ సిక్దర్ చేసిన లెక్కల్లో పదిహేనో నంబరు శిఖరం అన్నిటికన్నా ఎత్తయినదని తేలిందంటారు. 1856లో అప్పటి సర్వేయర్ జనరల్ ఆండ్రూ వా ఆ ఎత్తును 29,002 అడుగులుగా ప్రకటించి, తన గురువు పేరు పెడదామన్నాడు. విచిత్రం ఏమంటే ఎవరెస్టు స్వయంగా అడ్డు చెప్పాడు. నా పేరు హిందుస్థానీలో రాయడానికి కుదరదు, అక్కడివాళ్ల నోరు తిరగదు అన్నాడు. 1865లో పేరు ఖాయమైంది. ఆయన భయం మాత్రం తప్పని తేలింది. ఎల్లారెడ్డి పిల్లలు ఆ పేరును ఒక్క తప్పు లేకుండా రాస్తారు. నేను కొన్ని వేల పేపర్లు దిద్దాను. లోకంలో ఎత్తయిన శిఖరమేది? ఒక్క మార్కు.

ఆ సర్వేలో నాకు మనసు పట్టేసేది ఇంకొకటి. ప్రతి గుట్ట మీదికీ జెండాలు, దీపాలు మోసుకుపోయి, అధికారి దుర్బిణిలో కనపడేదాకా కదలకుండా కూర్చున్నవాళ్లను ఖలాసీలు అంటారు. కొలత పుస్తకాల్లో గుట్టల పేర్లున్నాయి, ఖలాసీలవి వెతకాలి. పులులూ జ్వరాలూ ఉన్న అడవిలో ముందుగా శిఖరమెక్కింది వాళ్లే. దొర యంత్రంతో వచ్చేది తర్వాత.

ఎక్కించినవాళ్లను సభ్యుల రిజిస్టరుకు బయట ఉంచే ఈ పద్ధతి హిమాలయాల దాకా పోయింది. 1928 ఫిబ్రవరి 17న ఢిల్లీలో హిమాలయన్ క్లబ్ పుట్టింది. మొదటి అధ్యక్షుడు ఫీల్డ్ మార్షల్ బర్డ్‌వుడ్, అంటే దేశంలో సైన్యాధిపతి. మరుసటి ఏడాదే హిమాలయన్ జర్నల్ మొదలైంది, దానికి తొలి సంపాదకుడు కెన్నెత్ మేసన్, సర్వే ఆఫ్ ఇండియా మనిషి. కొలిచేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఒకే గూటి పక్షులన్నమాట. ఆ క్లబ్బు డార్జిలింగ్‌లో షెర్పాల పేర్లు నమోదు చేసి, ఎవరు ఏ యాత్రకు పోయారు, ఎట్లా పనిచేశారు అని రాసిన చిన్న పుస్తకాలు వాళ్లకిచ్చేది. బాగా ఎత్తుకు మోసినవాళ్లకు టైగర్ అని పతకం కూడా పెట్టింది. తేన్‌సింగ్‌కు ఆ పతకం వచ్చింది. 1953 మే 29న హిల్లరీతో కలిసి ఎవరెస్టు ఎక్కిన తేన్‌సింగ్ మొదట క్లబ్బు పుస్తకాల్లోకి కూలీగానే వచ్చాడు. మరుసటి ఏడాది నవంబర్ 4న డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ తెరిచినప్పుడు ఆయన్ని శిక్షణ పెద్దగా పెట్టారు. మోసినవాడు నేర్పేవాడయ్యాడు. ఈ ఒక్క మార్పు లేకపోతే మిగతా కథ మన దాకా వచ్చేది కాదు.

ఇంత దూరం చెప్పేసరికి ఒక డాక్టరు గారు నవ్వి, "అయితే సారూ, మన దిక్కు ఎక్కే అలవాటే లేకుండెనా?" అన్నారు.

ఎందుకు లేదు? మనకు ఎక్కడం పని, ఆట కాదు. మేకల వెనక పోయే పిల్లగాడు పొద్దుగూకేలోపు రెండు గుట్టలెక్కి దిగుతాడు. ఎండాకాలం తునికాకుకు, ఇప్పపువ్వుకు, దసరా ముందు సీతాఫలాలకు గుట్టల మీద తిరగని ఊరు ఎల్లారెడ్డి, లింగంపేట దిక్కున లేదు. జాతరకు గుట్టెక్కుతాం. పాలించేవాళ్లు కోటలకెక్కారు. జుక్కల్ దిక్కు కౌలాస్ కోటకు పోతే బురుజు మీద నిలబడి ఊపిరి తీసుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. ఇంకో సంగతి, వయసులో మన గుట్టలు హిమాలయాలకు తాతముత్తాతలు. హిమాలయాలు లేవడం మొదలై అయిదు కోట్ల ఏళ్ల లెక్క. మన నల్లరాతి గుట్టలు, ఆ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్లు, దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. అరిగి అరిగి ఇంతయ్యాయి.

తండాల సంగతి వేరే చెప్పాలి. లంబాడాలు ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు వేసుకొని దక్కనంతా తిరిగిన బిడారు జనం. మొఘల్ సైన్యాలు దక్కన్‌కు వచ్చినప్పుడు వాళ్లకు తిండిగింజలు చేర్చింది ఈ బంజారాలే. రోడ్లు, రైళ్లు వచ్చాక ఆ పని పోయింది. మా కామారెడ్డి మీదుగా సికింద్రాబాద్, మన్మాడ్ రైలుమార్గం పడ్డాక ఎడ్ల బిడారుకు గిరాకీ ఎక్కడిది? నడకే జీవనంగా బతికిన జాతి గుట్టల పక్కన తండాలు వేసుకొని కూలికి నిలిచింది. సిరికొండ మండలం పాకాల అట్లాంటి అడవి పక్క ఊరే.

ఆ ఊరి అమ్మాయి మాలావత్ పూర్ణ. చదివింది తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పోయేటప్పుడు దారిలో తగిలే తాడ్వాయి. అప్పటికి ఇదంతా నిజామాబాద్ జిల్లానే, కామారెడ్డి జిల్లా అయింది 2016 అక్టోబర్ 11న.

గురుకులాల చరిత్ర చెప్పకపోతే ఈ అమ్మాయి ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు ఉంటుంది. 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా మొదటి గురుకులం తెరిచారు. ఎనభైల్లో దళిత పిల్లల కోసం సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. వాటి వెనక ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ పట్టుదల ఉంది. 1987లో వాటన్నిటికీ కలిపి ఒక సొసైటీ ఏర్పడింది. ఈ మాట దగ్గర మా సభ్యులను కాసేపు ఆపాను. అదీ మనలాంటి రిజిస్టర్డ్ సొసైటీయే. దానికీ నియమావళి ఉంది, సమావేశాలున్నాయి, మినిట్స్ ఉన్నాయి. కాగితం ఒకటే. తేడా అంతా రిజిస్టర్లో ఎవరి పేర్లు రాశారన్న దాంట్లో ఉంది.

2012లో ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ ఆ సొసైటీకి కార్యదర్శిగా వచ్చారు. 2013లో వందమందికి పైగా గురుకుల పిల్లలను భువనగిరి కోట గుండు మీద తాడు కట్టి ఎక్కించే శిక్షణకు పంపారు. నేర్పింది శేఖర్‌బాబు బాచినేపల్లి. భువనగిరి గుండు చూసినవాళ్లకు తెలుసు. కల్యాణీ చాళుక్యుల త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీద వెలసిన ఊరు, ఊరి నెత్తిన గుడ్డులాంటి ఒంటిరాయి. కాలు జారితే పట్టుకోవడానికి గడ్డి పోచ కూడా దొరకదు. అక్కడ నిలబడ్డవాళ్లలో ఇరవై మందిని డార్జిలింగ్ పంపారు, తేన్‌సింగ్ నేర్పిన ఆ సంస్థకే. ఆ పైన చలికాలంలో లద్దాఖ్. చివరికి ఇద్దరు మిగిలారు, పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్.

నేపాల్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కాలంటే పదహారేళ్లు నిండాలి. పూర్ణకు పద్నాలుగు కూడా రాలేదు. అందుకని టిబెట్ వైపు నుంచి పోయారు. వాళ్లు దారిలో ఉండగానే, ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచుచరియ విరిగిపడి పదహారు మంది చనిపోయారు. చాలా యాత్రలు అక్కడితో ఆగిపోయాయి. వీళ్లది ఆగలేదు. యాభై రెండు రోజులు. 2014 మే 25, ఆదివారం పొద్దున ఇద్దరూ శిఖరం మీద నిలబడ్డారు. పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఆడపిల్లల్లో అంత చిన్న వయసులో అక్కడికి చేరినవాళ్లు అంతకుముందు లేరు. తెలంగాణ రాష్ట్రం రావడానికి ఇంకా ఎనిమిది రోజులుంది.

ఆ రోజు నేను కామారెడ్డి స్టేషన్ రోడ్డులో చాయ్ తాగుతున్నాను. టీవీ కింద స్క్రోలింగులో తాడ్వాయి పేరు పోయింది. మొదట ఏదో బస్సు ప్రమాదమనుకున్నాను. మా దిక్కు ఊరి పేరు హైదరాబాద్ టీవీలో వచ్చిందంటే అంతకు మించి ఊహించే అలవాటు లేదు. మళ్లీ తిరిగి వచ్చినప్పుడు చదివాను. చాయ్ గ్లాసు కింద పెట్టి లేచాను, మళ్లీ కూర్చున్నాను. ముప్పయ్యేళ్లు ఒక్క మార్కు ప్రశ్నగా చెప్పిన కొండ. వేల మంది పిల్లలు నా ముందు కూర్చున్నారు, వాళ్లలో తండా పిల్లలూ ఉన్నారు. దాని ఎత్తు కంఠతా పెట్టించాను తప్ప, మీలో ఎవరైనా పోతారా అని ఒక్కనాడు అడగలేదు. ఆ మాట నా నోటికి ఎందుకు రాలేదో ఇప్పటికీ ఆలోచిస్తాను.

పూర్ణ అక్కడితో ఆగలేదు. 2022 జూన్‌లో అలాస్కాలోని డెనాలి ఎక్కడంతో ఏడు ఖండాల శిఖరాలూ పూర్తిచేసింది. ఆమెకన్నా ముందు, 2006లో, నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్‌బాబు ఆ ఏడింటినీ 172 రోజుల్లో ఎక్కాడు. కోరుకొండ సైనిక్ స్కూలు నుంచి ఐఐఎం దాకా చదివి, ఉద్యోగం వదిలి కొండలు పట్టుకున్న మనిషి. 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు విడిచాడు. ఈ ఇద్దరి కథల్లోనూ మొదటి మెట్టు బడే. మన దగ్గర కొండకు దారి క్లబ్బు గదిలోంచి పోలేదు. హాస్టల్ గంట మోగే చోటునుంచి పోయింది.

హాల్లో మళ్లీ ఐదో అంశం. మేనేజరు గారి కాగితం తీసుకొని ఒక్కో నియమం చదివాను. పద్దెనిమిదేళ్లు: పూర్ణకు పదమూడు. వెయ్యి రూపాయలు: అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్లు. ఐదు గుట్టల జాబితా: మేకల వెనక, కట్టెల కోసం ఎక్కింది జాబితాకు రాదు. ఇద్దరు సభ్యుల సిఫారసు: ఎవరున్నారు? "మన నియమం పెడితే ఎవరెస్టెక్కిన పిల్ల మన ఉప్మాకు కూడా పనికిరాదు" అన్నాను. అందరూ నవ్వారు. మేనేజరు గారు నవ్వలేదు. చెయ్యెత్తి మాట్లాడారు.

"సారూ, మీరు చెప్పింది సమజైంది. అర్హతలు తీసేద్దాం. గని చందా లేకుంటే తాళ్లకు, టెంట్లకు పైసలెక్కడివి? మైనరుకు ఓటెట్ల ఇస్తం? చట్టముంది గద."

అదీ న్యాయమే. చట్టం ఉంది. మన తెలంగాణలో సంఘాలకు నిజాం కాలంలోనే, 1350 ఫసలీ నాటి నుంచే చట్టముంది. ఆ తర్వాత వచ్చింది 2001 నాటిది, మా రిజిస్ట్రేషన్ దాని కిందే. గంటసేపు వాదులాడి చివరికి తీర్మానం తేల్చాం. జాబితా, సిఫారసు తీసేశాం. పెద్దవాళ్లకు చందా ఐదు వందలు. హాస్టల్ పిల్లలకు చందా లేదు, ఓటు లేదు, ప్రతి నడకలో చోటు ఉంది. నెలకు ఆరుగురు, వాళ్ల టీచరు వెంట.

చేతులెత్తి ఆమోదించాం. మినిట్స్ రాయడం నాకే అప్పగించారు, చేతిరాత బాగుంటుందని. లేవబోతుంటే మేనేజరు గారే మళ్లీ ఆపారు.

"పిల్లలు చెప్పులేసుకొని వస్తరు సారూ. బండ మీద జారుతయ్. బూట్లో?"

కోశాధికారి పాసుబుక్కు తీశాడు. ఉన్నది సరిపోదు. ఎవరో రుమాలు పరిచారు. మేనేజరు గారు మొదటి నోటు వేసి, ఇంకో ప్రశ్న వేశారు, ఆ రోజు మాలో ఎవరికీ తట్టనిది. అందుకే ఆ పుస్తకంలో చివరి వాక్యం ఆయనది, చేతిరాత మాత్రమే నాది: బూట్లు, ఆరు జతలు. హాస్టలుకు పోయి కాళ్ల కొలతలు తీసుకున్నాకే కొనవలెను.